స్కేలు మేడం ఫెయిల్ చేసిన ఐదుగురు

ఆసుపత్రి మూడో అంతస్తులో ఎక్స్‌రే గది దాటాక ఎడమ చేతివైపు ఒక చిన్న గది ఉంది. అందులో రెండు కుర్చీలు, ఒక టేబులు, ఒక గోడ గడియారం, కళ్ళు తుడుచుకోవడానికి కాగితం రుమాళ్ళ డబ్బా. ఆ గదిలో కూర్చుని ఒకావిడ ఇరవై ఒక్కేళ్ళుగా అవే పదిహేడు ప్రశ్నలు అడుగుతోంది. మందులు మారాయి, పెద్ద డాక్టర్లు ముగ్గురు రిటైరయ్యారు, గోడలకి నాలుగుసార్లు రంగు వేశారు. ప్రశ్నలు మాత్రం మారలేదు. "గత వారం రోజుల్లో మీ మనసు ఎలా ఉంది?" అని మొదలుపెట్టి నిద్ర, ఆకలి, పని, భయం, బతుకు మీద ఆశ, అన్నీ వరసగా అడుగుతుంది. ఒక్కో జవాబుకి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తుంది. ఈ పరీక్షలో ఎంత తక్కువ మార్కులొస్తే మనిషి అంత బాగున్నట్టు.

డిప్రెషన్‌కి కొత్త మందు వస్తే అది నిజంగా పనిచేస్తోందో లేదో తేలేది ఇలాంటి గదుల్లోనే. కొందరికి కొత్త మందు ఇస్తారు, కొందరికి పాతది. ఎవరికి ఏది ఇచ్చారో ఆవిడకి చెప్పరు. చెబితే తెలియకుండానే మార్కు అటో ఇటో మొగ్గుతుందని భయం. మందు కనిపెట్టినవాళ్ళ ఫోటోలు పేపర్లో పడతాయి. ఇరవై ఒక్కేళ్ళు ప్రశ్నలడిగిన మనిషి ఫోటో మెడలో వేలాడే కార్డు మీద తప్ప ఎక్కడా ఉండదు. అందుకే ఈవిడ గురించి చెప్పాలనిపించింది. ముందే చెప్పేస్తున్నాను, ఇది ఏడిపించే కథ కాదు. మధ్యలో గుండె జారే చోటు ఒకటుంది, అక్కడ కాస్త ఓపిక పట్టండి.

ఆ ప్రశ్నల పట్టికని అక్కడివాళ్ళు స్కేలు అంటారు. దాంతో ఈవిడ పేరు స్కేలు మేడం అయి కూర్చుంది. కొత్తగా చేరిన నర్సులు ఈవిడ చేతిలో నిజంగానే చెక్క స్కేలు ఉంటుందేమో, తప్పు చేస్తే వేళ్ళ మీద వాయిస్తుందేమో అని ఓ వారం హడలిపోతారు. వాళ్ళ భయంలో అన్యాయమేమీ లేదు. మనిషి అలాగే ఉంటుంది. బిగించి వేసుకున్న జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, దాని పైనుంచి ఒక చూపు.

ఆవిడ పెట్టిన రూల్స్ కూడా ఆవిడలాగే ఉంటాయి. ప్రశ్న కాగితం మీద ఎలా ఉందో అలాగే చదవాలి, ఒక్క మాట పెంచకూడదు, తగ్గించకూడదు. "అయ్యో పాపం" అనకూడదు. గంగిరెద్దులా తల ఊపకూడదు. జవాబు పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదు. మార్కు పక్కన రోగి అన్న మాటల్ని అన్నవి అన్నట్టు రాయాలి. "ఓదార్పు పక్క గదిలో దొరుకుతుంది, ఇక్కడ లెక్క తేలాలి" అంటుంది. ఇంత కటువుగా ఉండే మనిషి దగ్గరికి జనం ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తారో చాలామందికి అర్థం కాదు. నాకు మాత్రం అర్థమైంది. "ఎలా ఉన్నావు?" అని అడిగి, జవాబు వినకుండా ముందుకెళ్ళిపోని మనుషులు ఎవరికైనా ఎంతమంది ఉంటారు?

ఇక ఆవిడ భర్త. ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో సగం బిల్డింగుల లిఫ్టులు ఆయన చేతిమీదుగా పైకీ కిందకీ తిరుగుతున్నాయి. ఒకప్పుడు బాగా తాగేవాడు. బాగా అంటే, పనిముట్ల సంచీలో స్పానర్ల కింద సీసా పెట్టుకునేంత. ఆరేళ్ళ క్రితం ఇదే ఆసుపత్రిలో, రెండో అంతస్తులోని వార్డులో నలభై రోజులుండి మానేశాడు. మానేశాడంటే మానేశాడు, మళ్ళీ చుక్క ముట్టలేదు. వార్డులో చప్పట్లు కొట్టారు, ఇంట్లో చప్పట్లు కొట్టారు, లిఫ్టు కంపెనీ సూపర్‌వైజర్ భుజం తట్టాడు. అప్పట్నుంచీ ఆయన బాగున్నాడా లేదా అని తేల్చడానికి అందరి దగ్గరా ఒకటే కొలమానం. తాగాడా? లేదు. అయితే బాగున్నాడు.

ఆ నలభై రోజుల్లో వార్డు చూసే పెద్ద డాక్టరమ్మ ఆయన మాటకారితనం గమనించింది. స్కేలు మేడం కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చేటప్పుడు ఎదురుగా కూర్చుని రోగిలా మాట్లాడే మనిషి ఒకరు కావాలి. నిజం రోగిని పదిమంది ముందు కూర్చోబెట్టడం న్యాయం కాదు కదా. కాబట్టి ఒక కాగితం మీద రోగి జవాబులన్నీ రాసి ఇస్తారు, ఆ మనిషి వాటిని తన మాటల్లో చెబుతాడు, కొత్తవాళ్ళు విని మార్కులు వేస్తారు. సరైన మార్కు ఎంతో ముందే తెలుసు గనక, ఎవరి చెవి సరిగ్గా ఉందో బయటపడుతుంది. "మీ ఆయన్ని పెట్టుకుందాం" అంది డాక్టరమ్మ. అలా ఏడాదికి రెండుసార్లు లిఫ్టాయన రోగి అవుతూ వచ్చాడు. కొట్టు మూసేసిన వ్యాపారిగా చేశాడు, రిటైరైన టీచరుగా చేశాడు, భార్య పోయిన వంటవాడిగా చేస్తే ఇద్దరు నర్సులు ముక్కు చీదారు. "భార్య పోయినట్టు అంత బాగా ఎలా చేశారు?" అని ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ప్రాక్టీసు చేశాను" అన్నాడాయన.

ఈ ఆటలో ఒక చిక్కుంది, అది ఎవరికీ తట్టలేదు. ఆరేళ్ళు రోగి వేషం వేసిన మనిషికి, అంతకు ముందు పదిహేనేళ్ళు వంటింట్లో భార్య ప్రశ్నలు వల్లె వేస్తుంటే విన్న మనిషికి, ఏ జవాబుకి ఏ మార్కు పడుతుందో కంఠతా వచ్చేసింది.

కిందటేడు చివర్లో ఆయన సూపర్‌వైజర్‌ని అడిగి పైకెక్కే పని మానేశాడు. కంప్లైంట్లు రాసుకునే ఫోను దగ్గర కూర్చున్నాడు. మోకాలు నొప్పి అన్నాడు. ఇంటికొచ్చి భోంచేసి టీవీ ముందు కూర్చుంటాడు, చూస్తాడో చూడడో తెలియదు. మొట్టమొదట పసిగట్టింది ఆయన తల్లి, అంటే ఆవిడ అత్తగారు. ఎనభై దాటిన ఆ ముసలావిడకి చెవులు సరిగ్గా వినపడవు గానీ మిగతావన్నీ వినపడతాయి.

"అమ్మాయ్, వాడికేదో అయిందే. నాతో పోట్లాడ్డం మానేశాడు."

"పోట్లాట లేకపోతే మంచిదే కదా అత్తయ్యా."

"మాటలొచ్చినప్పట్నుంచీ పోట్లాడుతున్నాడు. యాభై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా? నిన్న టీవీ శబ్దం పెంచి పెట్టాను, వద్దన్నా వినను కదా నేను. వాడు పల్లెత్తు మాటనలేదు. లేచి వెళ్ళి పడుకున్నాడు."

స్కేలు మేడం తేలిగ్గా తీసుకోలేదు. పాపం, ఆవిడ చెయ్యాల్సిందల్లా చేసింది. ముందు దగ్గరికెళ్ళి వాసన చూసింది. సంచీ వెతికింది. బీరువా వెనకాల, బాత్రూం కిటికీ మీద, పాత సీసాలు దొరికిన చోట్లన్నీ వెతికింది. ఏమీ లేదు. తర్వాత భోజనాల దగ్గర కూర్చోబెట్టి అడిగింది. మొదటి రెండు ప్రశ్నలూ భార్యలాగే అడిగింది. మూడో ప్రశ్న నుంచి గొంతు మారిపోయింది, అది ఆవిడ చేతిలో లేదు.

"గత వారం రోజుల్లో నిద్ర ఎలా పట్టింది?"

"శుభ్రంగా. పడుకోగానే పడుతోంది."

"పని మీద ఆసక్తి?"

"ఫోను దగ్గర పని, ఆసక్తి ఏముంటుంది? కానీ బాగానే ఉంది, నలుగురితో మాట్లాడుతుంటాను."

"అలసట?"

"కొంచెం ఉంటుంది. వయసు కదా."

చూశారా ఎంత గట్టివాడో! అన్నీ సున్నాలు చెబితే నమ్మదని, అలసట దగ్గర ఒక మార్కు వదిలాడు. ఆకలి దగ్గర ఇంకొకటి. మొత్తం రెండు. ఆవిడ ఊపిరి పీల్చుకుని వంటింట్లోకి వెళ్ళి అత్తగారి చెవిలో గట్టిగా చెప్పింది. "రెండే మార్కులు అత్తయ్యా. నాకే నాలుగొస్తాయి." ముసలావిడ కోడలి మొహంలోకి చూసి "నీ మార్కులు నువ్వే ఉంచుకో" అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

మూడు నెలలు గడిచాయి. ఆసుపత్రిలో కొత్త మందు పరిశోధన మొదలవబోతోంది. దానికోసం ఐదుగురు కొత్తవాళ్ళు వచ్చారు. అందరికంటే చిన్నది నర్సింగు ముగించి నేరుగా వచ్చిన అమ్మాయి. పెన్ను మూత కొరికి కొరికి చదును చేసేసింది గనక పెన్నులపిల్ల అని పేరు పడింది. శిక్షణ చివరి రోజున పరీక్ష. స్కేలు మేడం రోగిని ప్రశ్నలడుగుతుంది, వీళ్ళు ఐదుగురూ వెనక వరసలో కూర్చుని మార్కులు వేస్తారు. సరైన మార్కుకి మూడుకి మించి తేడా వస్తే ఫెయిల్, మళ్ళీ మొదట్నుంచీ శిక్షణ.

ఈసారి రోగి పాత్ర ఆవిడే రాసింది. ఎనిమిది వారాలు మందు వాడి చాలావరకు కోలుకున్న మనిషి. మొత్తం ఏడు మార్కులు. కొత్తవాళ్ళకి జాలి ఎక్కువ, కోలుకున్నవాడికి కూడా పది పదిహేను వేసేస్తారు. ఆ జాలి దులపాలని ఆవిడ ఉద్దేశం. వారం ముందే భర్తకి కాగితం ఇచ్చింది. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పరీక్ష నాడు ఆయన శుభ్రంగా గడ్డం గీసుకుని శిక్షణ గదికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని పదిహేడు ప్రశ్నలూ పొల్లుపోకుండా అడిగింది. ఆయన జవాబులు చెప్పాడు. ఎప్పటికంటే నెమ్మదిగా చెప్పాడు, మధ్యమధ్య ఆగాడు. ఆవిడకి కాస్త చిరాకేసింది కూడా. ఈయనగారు నాటకం బాగా పండిస్తున్నాడు, ఇలా సాగదీస్తే కొత్తవాళ్ళ టీ టైము దాటిపోతుంది అనుకుని గడియారం చూసింది. తను రాసిన జవాబులు తన ముందే ఉన్నాయి కదా, ప్రశ్న అడగడం, కాగితం మీద మార్కుకి టిక్కు పెట్టడం, తర్వాతి ప్రశ్నకి వెళ్ళడం. ముప్పావు గంటలో అయిపోయింది. ఆయన లేచి, వెనక వరసకి నమస్కారం పెట్టి బయటికి వెళ్ళాడు.

కొత్తవాళ్ళ కాగితాలు చేతికొచ్చాయి. పంతొమ్మిది. ఇరవై. పంతొమ్మిది. ఇరవై ఒకటి. ఇరవై.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"ఏడు రావాల్సిన మనిషికి ఇరవై వేస్తారా? మూడు వారాలుగా నేను గోడలకి చెప్పానా పాఠం? ఐదుగురూ ఫెయిల్! సోమవారం నుంచి మళ్ళీ మొదటి పాఠం."

నలుగురు తలలు దించుకున్నారు. పెన్నులపిల్ల మాత్రం పెన్ను నోట్లోంచి తీసింది.

"మేడం, తప్పయితే దిద్దుకుంటాను. మార్కు పక్కన ఆయన మాటలు రాసుకున్నాను, మీరు రాయమన్నారు కదా. ఒక్కసారి చదవనా?"

"చదువు. ఎక్కడ జాలిపడ్డావో అందరూ వింటారు."

"నిద్ర గురించి అడిగితే ఆయన అన్నది. 'పడుకుంటానండీ. పక్కన మనిషికి నిద్ర పట్టేదాకా కళ్ళు మూసుకుని ఉంటాను. తర్వాత తెరుస్తాను. తెల్లారేముందు మళ్ళీ మూసుకుంటాను, లేకపోతే ఆవిడ కంగారుపడుతుంది.'"

స్కేలు మేడం చేతిలో కాగితం ఉంది. దాని మీద 'నిద్ర బాగానే పడుతోందండీ' అని ఆవిడ చేతిరాతే ఉంది.

"తర్వాత?" అంది.

"పని గురించి. 'మోకాలు నొప్పని చెప్పి ఫోను దగ్గరికి మారాను. నొప్పేమీ లేదు. పైన నిలబడితే బుర్ర ఎటో పోతోంది, నా మీద నాకే నమ్మకం లేక దిగిపోయాను.' బతుకు మీద ఆశ గురించి. 'చచ్చిపోవాలని లేదండీ. కానీ పొద్దున్నే మెలకువ రాకపోతే బాగుండును అనిపిస్తుంది. ఇంత మంచి ఇల్లు పెట్టుకుని అలా అనుకోవడం తప్పు కదా, అందుకని ఎవరికీ చెప్పలేదు.'"

ఆ అమ్మాయి చదవడం ఆపింది. అందరూ మేడం వైపు చూస్తున్నారు. ఆవిడ ఐదు కాగితాలూ మళ్ళీ తిరగేసింది. మొదటి రోజు పాఠంలో ఆవిడే చెప్పింది. ఐదుగురు తప్పు చేస్తే ఐదు రకాలుగా చేస్తారు, ఒకరు పది, ఒకరు పాతిక వేస్తారు. విడివిడిగా లెక్క వేసిన ఐదుగురూ ఒకే మార్కు దగ్గర ఆగారంటే వాళ్ళు విన్నది నిజమే. ఆ గదిలో వినని మనిషి ఒక్కరే. ముందే జవాబు రాసిపెట్టుకుని ప్రశ్న అడిగిన మనిషి.

ఇరవై ఒక్కేళ్ళలో మొదటిసారి ఆవిడ కుర్చీ వెనక్కి తోసి, పరీక్ష మధ్యలోనే గదిలోంచి వెళ్ళిపోయింది.

ఆయన ఎక్కడికీ పోలేదు. నడవా చివర లిఫ్టు ముందు నిలబడి, తలుపు మూసుకున్న ప్రతిసారీ తల పక్కకి వంచి దాని చప్పుడు వింటున్నాడు. ఎక్కడ లిఫ్టు కనిపించినా అంతే. ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. అడగడానికి పదిహేడు ప్రశ్నలున్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు.

"కాగితం మర్చిపోయారా?" అంది చివరికి.

"లేదు. కంఠతా వచ్చు."

"మరి?"

"మొదటి ప్రశ్న అడిగావు కదా, కాగితంలో ఉన్నదే చెబుదామనుకున్నాను. నోరు వేరేది చెప్పింది. ఒకసారి మొదలయ్యాక హాయిగా అనిపించింది. అక్కడ కూర్చున్నది నేను కాదు కదా, రోగి కదా. ఎవరూ కంగారుపడరు."

"నేను మీ మొహంలోకి చూడను కూడా లేదండీ."

"చూడలేదు. టిక్కులు పెట్టుకుంటున్నావు." ఆయన మాటలో కోపం లేదు. "ఇంట్లో చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. తాగుడు మానేశానని అందరూ అంత సంబరపడ్డారు. మళ్ళీ ఇంకో జబ్బని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా కారణం కూడా లేదోయ్. ఉద్యోగముంది, నువ్వున్నావు, అమ్మ ఉంది. దేనికని చెప్పను?"

ఆ నిమిషంలో ఆవిడకి వచ్చింది దుఃఖం ఒక్కటే కాదు. మనిషి ఎదురుగా ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్ళూ మూతపడి ఉన్నది తెరుచుకుంది. అది తన ముందు కాకపోయినా, ఐదుగురు కొత్తవాళ్ళ ముందైనా తెరుచుకుంది. ఆ ఐదుగురికీ మనసులోనే దండం పెట్టుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. "రండి, కిందికి వెళ్దాం" అంది. ఇద్దరూ అదే లిఫ్టులో రెండో అంతస్తుకి దిగారు.

పెద్ద డాక్టరమ్మ గంటసేపు ఆయనతో ఒంటరిగా మాట్లాడింది. తర్వాత ఆవిణ్ణి పిలిచింది.

"తాగుడు మానేసినవాళ్ళలో ఇది రావడం మేం రోజూ చూస్తాం. ఈయన విషయంలో మాత్రం చప్పట్లు కొట్టి ఫైలు మూసేశాం. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. ఇప్పుడు చెబుతున్నాను విను. ఇది నయమయ్యే జబ్బు. తెలిసిన మందు, వారానికోసారి కౌన్సెలింగు. సిబ్బంది ఇంటివాళ్ళు మన పరిశోధనలోకి రాకూడదు గనక మామూలు వైద్యమే చేద్దాం. పొద్దున్నే మెలకువ రాకూడదన్న ఆలోచన ఎక్కువైతే ఎవరికి ఫోను చెయ్యాలో ఆయనకి రాసిచ్చాను, నీక్కూడా రాసిస్తాను. ఇక రెండు వారాలకోసారి స్కేలు."

"నేను అడుగుతానండీ."

"నువ్వు అడగవు. ఇక్కడా అడగవు, ఇంట్లోనూ అడగవు. పెన్నులపిల్ల అడుగుతుంది."

మరునాడు ఆవిడ రిజిస్టరు తెరిచి ఐదుగురి పేర్ల ఎదురుగా ఉన్న ఫెయిల్ కొట్టేసి పాస్ అని రాసింది. కింద తన పేరు రాసి ఫెయిల్ అని రాసుకుంది. పదమూడు మార్కుల తేడా మరి. డాక్టరమ్మ అక్కర్లేదంది. ఆవిడ వినలేదు. రూలు రూలే అని ఇంకో ఆసుపత్రి నుంచి వచ్చిన టీచరు ముందు మూడు రోజులు చివరి బెంచీలో కూర్చుని మొదటి పాఠం నుంచి విన్నది. ఆ టీచరు ఎవరో కాదు, పదేళ్ళ క్రితం ఈవిడ దగ్గరే నేర్చుకున్నవాడు. మూడు రోజులూ చెమటలు తుడుచుకుంటూనే పాఠం చెప్పాడు.

మందు మొదలైంది. మొదటి రెండు వారాలు నోరెండిపోవడం, మధ్యాహ్నాలు కునుకు, అంతకు మించి ఏమీ లేదు. ఎన్నో వందలమందికి ఆవిడే చెప్పింది, మందు పనిచేయడానికి వారాలు పడుతుందని. ఇతరులకి చెప్పేటప్పుడు వారం అంటే ఏడు రోజులే.

స్కేలు రోజున ఆవిడ గది బయట బెంచీ మీద కూర్చునేది. ఆ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదు గనక దాని ఒక కాలు పొట్టిదని అప్పుడే తెలిసింది. పక్కన రోగుల తాలూకు వాళ్ళు కూర్చునేవాళ్ళు, ఒకరి తల్లి, ఒకరి తమ్ముడు. ఎవరు కదిలినా బెంచీ ఊగేది, అందరూ కలిసి ఊగేవాళ్ళు. తలుపు తెరుచుకుని పెన్నులపిల్ల బయటికొచ్చేది. మొహంలో ఏమీ ఉండేది కాదు. మార్కు ఇంటివాళ్ళకి చెప్పకూడదు, కళ్ళతో కూడా చెప్పకూడదు. ఆ మొహం ఎలా పెట్టాలో నేర్పింది ఈవిడే. ఇంత బాగా నేర్పకపోయినా పోయేది కదా అని మొదటిసారి అనిపించింది.

ఆరో వారంలో ఒక సాయంత్రం అత్తగారు పరుగులాంటి నడకతో వంటింట్లోకి వచ్చింది.

"వాడు నన్ను తిట్టాడే! టీవీ తగ్గించమంటే వినపడదా ముసల్దానా అన్నాడు!" అని కళ్ళు ఒత్తుకుంది. కోడలు కూడా ఒత్తుకుంది. ఆవలి గదిలోంచి "ఇద్దరూ కలిసి నామీద చాడీలా?" అని ఆయన అరిచాడు. ఆ అరుపు ఇద్దరికీ చెవుల్లో తేనె పోసినట్టుంది.

పదో వారానికి ఆయన పళ్ళెంలో ఏమీ మిగలడం లేదు. సూపర్‌వైజర్‌తో మాట్లాడి, ఇంకొకరిని తోడు పెట్టుకుని మళ్ళీ లిఫ్టుల పనికి వెళ్తున్నాడు. పొద్దున పక్కమీద నిజంగానే గురక వినిపిస్తోంది. అందరూ బాగైపోయాడన్నారు. ఆవిడ కూడా అవునంది. కానీ లోపల ఒక ముల్లు ఉండిపోయింది, దాన్ని ఎవరికీ చూపించలేదు. ఆయన నటించగలడు. కోలుకున్న మనిషి ఎలా ఉంటాడో, ఎలా తింటాడో, ఎలా మాట్లాడతాడో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ కాగితం తనే రాసిచ్చింది. ఇదంతా నిజమా, తను కంగారుపడకుండా వేస్తున్న వేషమా? అడిగే హక్కు లేదు. అడిగినా ఆ జవాబుని నమ్మే ధైర్యం లేదు. మార్కులు ఎంత తగ్గినా ఆ ముల్లు తీసేవి కావు. ఆయన తనంతట తను నిజం చెప్పాలి, ఆవిడ మొహం చూస్తూ చెప్పాలి. అంతకంటే ఆవిడకి ఏమీ అక్కర్లేదు.

పన్నెండో వారంలో ఒక మంగళవారం ఆయన పనినుంచి వచ్చాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. గుమ్మంలో బూట్లు విప్పుతూ, తలెత్తి, ఆవిడ వైపు చూసి అన్నాడు.

"ఇవాళ ఏమీ బాలేదోయ్."

ఆవిడ చేతిలో చొక్కా పక్కన పెట్టింది.

"మధ్యాహ్నం నుంచీ మళ్ళీ అలాగే ఉంది. ఆ మొదటి రోజుల్లా కాదు, అంత లేదు. కానీ బరువుగా ఉంది. తోటివాడికి చెప్పి కిందకి దిగి కూర్చున్నాను. డాక్టరమ్మకి ఫోను చేస్తే రేపు రమ్మంది, మధ్యలో ఇలాంటి రోజులొస్తాయంది. నీకు కూడా చెప్పాలనిపించింది."

ఆవిడ వచ్చి ఆయన పక్కన గడప మీద కూర్చుంది. ఆయన చెబుతూ పోయాడు. నిద్ర గురించి, భయం గురించి, చేతులు ఎలా వణికాయో, ఏం చేస్తే కాస్త తగ్గిందో. ఆవిడ చేతిలో పెన్ను లేదు, ముందు కాగితం లేదు. మధ్యలో తల ఊపింది, "అయ్యో" అంది, రూల్స్ అన్నీ తప్పింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆయనకి అనుమానం వచ్చింది.

"బాలేదంటే నవ్వుతావేంటి?"

"సంతోషంగా ఉందండీ. నిజంగా."

"పెన్నులపిల్ల దగ్గరికి నేను కాదు, నువ్వు వెళ్ళాలి."

"వెళ్తాను. నాకెన్ని మార్కులు వేస్తే అన్నీ తీసుకుంటాను."

ఆయన నవ్వాడు. పెద్ద నవ్వేమీ కాదు, ఆ రోజుకి సరిపడా నవ్వు. "మరి రేపు ఎలా ఉంటుందో" అన్న మాట ఆవిడ నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఆయనే బూట్లు పక్కకి పెడుతూ అన్నాడు.

"రేపు కూడా బాలేకపోతే రేపూ చెబుతాను."

ఆ ఒక్క మాటతో ఆవిడ ప్రాణం కుదుటపడింది.